పిల్లికి బిచ్చం పెట్టరాదట!

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కిందటి నెల ఒక కాగితం అంటించారు. పైన అసోసియేషన్ ముద్ర, కింద కార్యదర్శి సంతకం. "ఆవరణలో వీధి పిల్లులకు ఆహారం పెట్టరాదు. పెట్టినవారికి రూ.500 జరిమానా." నలభై ఎనిమిది ఫ్లాట్ల వాళ్లమూ దాన్ని చదువుకుంటూ పైకీ కిందికీ తిరుగుతున్నాం. పరమ పిసినారిని తెలుగులో ఏమంటామో అందరికీ తెలుసు. పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అంటాం. మనిషన్నవాడు ఎంత దిగజారినా ఆ మాత్రం చేస్తాడని మన పెద్దల లెక్క. అదీ చేయనివాణ్ణి తిట్టడానికే ఆ మాట పుట్టించారు. ఇప్పుడా తిట్టును మేం ఏకగ్రీవంగా తీర్మానం చేసి, ముద్ర వేసి, లిఫ్టులో అంటించుకున్నాం. ఏకగ్రీవం అనకూడదు లెండి. నేను ఒప్పుకోలేదు. మినిట్స్ పుస్తకంలో ఆ ముక్క రాయలేదంతే.

ఇది మా ఒక్క బిల్డింగు గొడవే అయితే మీటింగులో అరిచి ఊరుకునేదాన్ని. హైదరాబాదులో మా చెల్లెలు ఉండే గేటెడ్ కమ్యూనిటీలోనూ ఇదే నోటీసు. రాజమండ్రిలో మా వదిన వాళ్ల వీధిలో నోటీసు లేదు గానీ మాట ఇదే. వీధి పిల్లిని చేరదీస్తే మరుగుతుంది, మరిగితే పెరుగుతాయి, పెరిగితే రోగాలొస్తాయి, కాబట్టి కసిరి కొట్టాలి, అప్పటికీ పోకపోతే పట్టించి దూరంగా వదిలేయాలి. చెప్పేవాళ్లు దుర్మార్గులేం కాదు. మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు, శనివారం కాకికి ముద్ద పెట్టేవాళ్లు. వాళ్ల మాట ఇంగితంగానే వినిపిస్తుంది. నేనూ కొన్నాళ్లు నమ్మాను. నమ్మి, జరిగింది చూశాను కాబట్టే ఇప్పుడు చెబుతున్నాను: వీధిలో పిల్లులు తగ్గాలని నిజంగా కోరుకునేవాడు మొట్టమొదట చేయాల్సిన పని వాటితో స్నేహం.

ముందు పట్టించి వదిలేసే సంగతి చూద్దాం, మేం ఆ ముచ్చటా తీర్చుకున్నాం గనక. రెండేళ్ల కిందట ఒక నల్లపిల్లి మా మోటారు గది వెనక పిల్లల్ని పెట్టింది. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరితే నల్లపిల్లి ఎదురొస్తోందని అప్పటి కమిటీలో ఒకాయనకు చిరాకు. ఎవర్నో పిలిపించి, దాన్ని గోనెసంచిలో పట్టించి, మూతి కట్టించి, ఆటోలో తన కాళ్ల దగ్గర పెట్టుకుని, హైవే దాటించి ఒక కల్యాణమండపం వెనక వదిలొచ్చారు. ఎదురొస్తే అపశకునమని నమ్మే మనిషి నాలుగు కిలోమీటర్లు దాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రయాణం చేశారు. శకునం గురించి ఇంతకన్నా వాదించను.

కూనలున్న సంగతి ఆయనకు తెలీదు. మోటారు గది వెనక్కి ఎవరూ పోరు. ఆ రాత్రి నుంచి అరుపు. పిల్లికూన గొంతు దారప్పోగంత ఉంటుంది, అయినా లిఫ్టు సందు దాన్ని నాలుగో అంతస్తు దాకా మోసుకొచ్చేది. రెండో రోజు వాచ్‌మన్ భార్యా నేనూ టార్చిలైటు పట్టుకుని వెళ్లాం. పాత సిమెంటు బస్తాల మధ్య మూడు. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. ఒకటి నా చూపుడువేలిని నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఆమె దూదిని ఆవుపాలలో ముంచి పట్టింది. కూనలకు ఆవుపాలు పడవని మా ఇద్దరికీ తెలీదు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకు ఒకటే అరిచింది. ఐదో రోజు పొద్దున మోటారు శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. ఆమె వాటిని పాత చీరముక్కలో చుట్టి, కాంపౌండు గోడ పక్కన మందారం కింద పెట్టింది. ఆ మధ్యాహ్నమే వాట్సాప్ గ్రూపులో కమిటీ వారికి ధన్యవాదాలు చెబుతూ పన్నెండు మెసేజీలు వచ్చాయి.

సరే, కడుపుకోత కథలతో వాదన నిలబెట్టకూడదు. లెక్కే చూద్దాం. ఆ చోటు ఖాళీగా ఉందా? పిల్లి ఒకచోట స్థిరపడిందంటే అక్కడ దానికి తిండీ, దాక్కునే సందూ ఉన్నాయని. మా సెల్లారులో ఎలుకలున్నాయి. వీధి మొదట్లో చికెన్ కొట్టు ఉంది. కొట్టు పక్కన మూత పడని చెత్తకుండీ ఉంది. పిల్లిని తీసేశాం, వీటిలో దేన్ని తీసేశాం? పక్క వీధి గోడల మీద చోటు కోసం కొట్లాడుకుంటున్న పిల్లులకు మేమే టు-లెట్ బోర్డు పెట్టినట్టయింది. నెల తిరక్కుండా ఒక గండుపిల్లి దిగింది. దాని వెనకే రెండు ఆడవి. ఏడాది గడిచేసరికి ఏడింటిని లెక్కపెట్టాను. ఒక్క పిల్లిని పంపి ఏడింటిని తెచ్చుకున్న తీర్మానం అది. ఆ ధన్యవాదాలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

వదిలేసిన పిల్లి మాత్రం ఏమవుతుంది? కొత్తచోట నీళ్లెక్కడో తెలీదు, ఉన్న పిల్లులు రానివ్వవు. పాతచోటు వెతుక్కుంటూ బయల్దేరితే దారిలో హైవే. ఇంకో మాట. మనం ఊరవతల అనుకునేది ఇంకొకరి ఊరే. చెరువుగట్టు మీదో, పార్కు అంచునో, అడవి మొదట్లోనో వదిలితే అది అక్కడి పిట్టల మీద పడుతుంది. పిల్లులు పక్షుల్ని తినేస్తాయని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నిజం. అడవికీ పక్షుల కొలనులకూ దగ్గరున్న చోట వీధి పిల్లులకు మేత పెట్టకూడదనే నేనూ అంటాను. కానీ పిల్లిని పిట్టల మధ్యకు మోసుకెళ్లేది గోనెసంచి. గిన్నెలో ముద్ద పెట్టే మనిషి దాన్ని సెల్లారు దగ్గరే ఉంచుతోంది.

చట్టం సంగతి కూడా కమిటీ చెవిన వేశాను. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టిన ఫలితంగా వచ్చింది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. అందులోని 11వ సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా, ఆకలికో దాహానికో మాడేలా జంతువును వదిలేయడం నేరం. విషం పెట్టడం, చంపడం, అవిటిని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుకు తగిన నేరం. ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం రాజ్యాంగం 51ఏ అధికరణం పౌరుడికి చెప్పిన విధుల్లో ఒకటి. మా కార్యదర్శిగారు రిటైర్డు అకౌంట్సు ఆఫీసరు, కాగితాలు బాగా చదువుతారు. అంతా విని, "మరి ఆ 11వ సెక్షన్ కింద జరిమానా ఎంత మేడమ్?" అన్నారు. మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై దాకా. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వేరే కారణానికి. పిల్లిని ఆకలికి వదిలేస్తే దేశం వేసే జరిమానా గరిష్ఠంగా యాభై. అన్నం పెడితే మా అసోసియేషన్ వేసేది ఐదు వందలు.

ఇక అసలు వాదన. "పెడితే మరుగుతుంది, పెరుగుతుంది." ఆకలితో ఉన్న పిల్లి పిల్లల్ని కనదనుకుంటున్నారా? ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే ఎదకొస్తుంది. మోసేది రెండు నెలల పైచిలుకు. ఒక ఈత కూనలకు పాలిస్తూండగానే మళ్లీ కడుపుతో ఉండగలదు. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. మీరు ముద్ద పెట్టినా పెట్టకపోయినా చెత్తకుండీ పెడుతూనే ఉంటుంది. ఇక్కడ మా పక్షం వాళ్లనూ ఒక మాట అనాలి. ఒక్క జంట ఏడేళ్లలో నాలుగు లక్షల పిల్లులవుతుందని వాళ్లు ఫార్వర్డులు పంపిస్తుంటారు. అది ఉత్త గాలి లెక్క. వీధికూనల్లో ఎక్కువ భాగం ఆరు నెలలు దాటవు. బండి చక్రం, కుక్క, జలుబు, ఆకలి. పుట్టడం ఆగదు, చావడం ఆగదు, వీధిలో ఉన్న సంఖ్య మాత్రం అలాగే ఉంటుంది. పెట్టొద్దు అనే విధానం సాధించేది ఇదే.

సంఖ్య తగ్గే దారి ఒకటుంది. పిల్లుల్ని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఎక్కడ పట్టామో అక్కడే తిరిగి వదలాలి. ఒకటీ అరా చేయిస్తే చాలదు, ఆ వీధిలో దాదాపు అన్నిటికీ కావాలి. చేయించినవి తమ చోటు తాము కాపాడుకుంటాయి, కొత్తవాటిని అంత తేలిగ్గా రానివ్వవు. వయసుతో పాటు ఒక్కొక్కటే తగ్గుతాయి. ఇది విన్నవాళ్లంతా బాగుంది అంటారు. మరి పట్టుకునేదెవరు? వెనకటికి పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు సభ పెట్టుకున్నాయి. మా అసోసియేషన్ మీటింగూ అక్కడే ఆగింది. ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే బండి కుక్కల కోసమే, పిల్లులు మా పని కాదన్నారు. కసిరితే గోడెక్కే జంతువును, మనిషి నీడ చూస్తే కారు కింద దూరే జంతువును ఎవరు పట్టగలరు? దానికి తెలిసిన మనిషి. దాని గిన్నె దగ్గర నలభై రోజులు కూర్చున్న మనిషి. అంటే మీరు ఐదు వందలు జరిమానా వేసిన మనిషి.

ఆ నలభై రోజులెలా గడిచాయో చెబుతాను. మాది విశాఖపట్నం, సముద్రానికి కిలోమీటరున్నర దూరం. జాలరిపేట నుంచి ఒకావిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికొస్తుంది. ఆవిడ కేక వినగానే అరుగుల మీదికి జనం, గోడల మీదికి పిల్లులు. కత్తిపీట ముందు కూర్చుని కవ్వళ్లు బాగుచేస్తూ తలకాయలూ పేగులూ ఎడమ చేత్తో వెనక్కి విసురుతుంది. వెనక్కి తిరిగి చూడదు. అవి ఎవరికి అందాలో వాటికి అందుతాయి. "మీరు అలవాటు చేయబట్టే కదా ఇవి చేరుతున్నాయి" అని మా ఎదురింటాయన ఒకసారి అడిగారు. ఆవిడ కత్తి ఆపకుండానే, "దాని వాటా దానిది బాబూ. ఇంతమందికి కోసి ఇస్తన్నాను, దానికో తలకాయిస్తే నా గంప తరిగిపోద్దేటి?" అంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని అరవై ఒక్క రోజులు నిషేధం. తెప్పల మీద వచ్చే కాస్త సరుకు మా వీధి దాకా రాదు. ఆవిడ ఎండుచేప తెస్తుంది, అదీ వారానికోసారి. ఉప్పు పట్టిన ఎండుచేప పిల్లికి మంచిది కాదు. పోయిన ఏడాది ఆ నిషేధం మొదలైన మూడో రోజు పొద్దున, ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోట ఒక బూడిదచారల పిల్లి ఒంటరిగా కూర్చుని వీధి చివరికి చూస్తోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తోక చివర వంకర. దానికి నెత్తలి అని పేరు పెట్టుకున్నాను, అంత సన్నంగా ఉంది మరి.

సాయంత్రం ఆరింటికి ఉడికించిన కోడిమాంసం, ఉప్పూ కారం లేకుండా, గుప్పెడు. పక్కన మట్టిమూకుడులో నీళ్లు. మొదటి వారం నేను మెట్లెక్కి కనుమరుగైతే తప్ప అది గిన్నె దగ్గరికి రాలేదు. రెండో వారం నేను పదడుగుల దూరంలో కింద కూర్చున్నాను. నిలబడ్డ మనిషి దానికి తాటిచెట్టంత కదా. కళ్లల్లోకి చూడకూడదని తెలిసింది. గుడ్లప్పగించి చూస్తే పిల్లి కయ్యానికి పిలుపనుకుంటుంది. చూపు పక్కకు తిప్పి, మళ్లీ చూసి, నిద్రొచ్చినట్టు కళ్లు నెమ్మదిగా సగం మూసి తెరవాలి. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. మనిషి అలా చేస్తే పిల్లి కూడా అలాగే చేస్తుందని, చాపిన చేతి దగ్గరికి వచ్చే అవకాశం పెరుగుతుందని తేలింది. మా మెట్ల కింద అది తేలడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. పంతొమ్మిదో రోజు నెత్తలి తినడం ఆపి, నన్ను చూసి, కళ్లు మూసి తెరిచింది. నాకు యాభై నాలుగేళ్లు. ఆ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ముసిముసిగా నవ్వుకుంటుంటే వాచ్‌మన్ భార్య ఏమ్మా ఏమైంది అని అడిగింది.

ఐదో వారం నుంచి మూతున్న ప్లాస్టిక్ బుట్ట తెచ్చి, మూత తీసేసి, గిన్నెను బుట్ట లోపల పెట్టాను. మొదటి రోజు మెడ మాత్రం దూర్చింది. వారానికి తోకతో సహా లోపలికి వెళ్లి తాపీగా తినసాగింది. నలభై ఒకటో రోజు పొద్దున ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు మూత వేశాను. పైన తువ్వాలు కప్పితే అరుపు తగ్గింది. ఆపరేషన్, రేబిస్ టీకా, మందులు, ఆటో కలిపి మూడు వేల ఎనిమిది వందలయ్యాయి. మత్తులో ఉండగానే డాక్టరుగారు ఎడమ చెవి కొస కాస్త కత్తిరించారు. మళ్లీ ఎవరైనా పట్టుకొస్తే దీనికి అయిపోయిందని దూరం నుంచే తెలియడానికి గుర్తు అది. మూడు రోజులు మా బాల్కనీలో ఉంచి, నాలుగో రోజు మెట్ల కింద వదిలాను. ఇక నా మొహం చూడదనుకున్నాను. రెండు రోజులు నిజంగానే చూడలేదు. మూడో సాయంత్రం ఆరింటికి వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఎదురింటాయన ఇంకో మాట అంటారు. "పిల్లికి విశ్వాసం ఉండదండీ. కుక్కైతే వేరు." ఈ చెడ్డపేరు పాతది. చిన్నయసూరి నీతిచంద్రికలో దీర్ఘకర్ణుడనే పిల్లి ముసలి గద్దను నమ్మించి పిట్టపిల్లల్ని తినేసిన కథ బడిలో చదువుకున్నవాళ్లం. కళ్లు మూసుకుని పాలు తాగేదీ పిల్లే, దొంగజపం చేసేదీ పిల్లే. తెనాలి రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చిన కథకు మాత్రం పగలబడి నవ్వాం. ఆ పిల్లికి పాలంటే భయం పుట్టించింది ఎవరో అప్పుడు మనకు తట్టలేదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2019లో పిల్లికూనల్ని యజమానుల నుంచి రెండు నిమిషాలు విడదీసి, మళ్లీ కలిపి చూశారు. దాదాపు మూడింట రెండొంతులు, మనిషి తిరిగి రాగానే కుదుటపడి, మళ్లీ పరిసరాలు చూడటంలో పడ్డాయి. పసిపిల్లలు తల్లి విషయంలో చేసేదీ అదే. అది ఇంటి పిల్లుల మీద చేసిన పరీక్ష, వీధి పిల్లికి అంతా వర్తిస్తుందనను. కానీ విశ్వాసం అనే మాటతో మనం అడుగుతున్నదేమిటి? గుప్పెడు మాంసానికి తోకాడించమనా? పొద్దున కసిరి, సాయంత్రం విశ్వాసం లేదని నిందించడం మనుషుల దగ్గర కూడా చెల్లదు.

రోగాల సంగతి తేలిగ్గా తీసేయలేను, తీసేయకూడదు. నోటీసు రావడానికి అసలు కారణం అదే. మూడో అంతస్తు వాళ్లమ్మాయి పురిటికి వచ్చింది. పిల్లుల వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పారు. మాట పూర్తిగా అబద్ధం కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంది, గర్భిణికి మొదటిసారి సోకితే బిడ్డకు హాని చేయగలదు. అది పిల్లి మలంలో వస్తుంది, నిజమే. అయితే మామూలుగా పిల్లి దాన్ని విసర్జించేది తనకు మొదట సోకినప్పటి ఒకటి నుంచి మూడు వారాలు. విసర్జించాక కూడా ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తే గాని అది సోకే స్థితికి రాదు. మనుషులకు ఎక్కువగా చేరే దారులు సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: మాంసం బాగా ఉడకనివ్వు, ఆకుకూరలు రెండుసార్లు కడుగు, కుండీల్లో మట్టి ముట్టుకుంటే గ్లవ్స్ వేసుకో, నెలలు నిండేదాకా వీధికూనల్ని ఎత్తుకోకు. ఆమె బుర్ర ఊపింది. వాళ్లమ్మగారు మాత్రం పిల్లి నీడ కూడా పడకూడదన్నారు. బెంగాలులో బిడ్డల్ని కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లి అని చెబితే, "మనది బెంగాలు కాదు కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కరిచినా రక్కినా రేబిస్ భయం ఉంది. మన దేశంలో మనుషులకు రేబిస్ అంటించేది చాలావరకు కుక్కే, అయినా పిల్లి వల్లా రావచ్చు. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు అద్దుకుని కూర్చోకూడదు. నాకొకసారి గీత పడింది, సూదులు వేయించుకున్నాను. కానీ ఆలోచించండి. టీకా వేసిన, మనకు తెలిసిన ఐదు పిల్లులు మెట్ల కింద ఉండటం క్షేమమా, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని ఏడు సెల్లారులో ఉండటం క్షేమమా? పిల్లి పడక ఆయాసపడే మనుషులుంటారు, వాళ్లు దూరంగా ఉండాల్సిందే. గిన్నె వాళ్ల గుమ్మం ముందు పెట్టకూడదు.

ఎలుకల్ని తింటాయి కాబట్టి పెంచుదాం అనే వాదన మాత్రం నన్ను చేయమనకండి. చిట్టెలుకల వరకు సరే. మా సెల్లారు పందికొక్కు ఎదురైతే నెత్తలి మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది, నా కళ్లతో చూశాను. పందికొక్కులు పోవాలంటే చెత్తకుండీకి మూత పడాలి. పిల్లికి బతికే హక్కు సంపాదించిపెట్టడానికి దానికో ఉద్యోగం చూపించక్కర్లేదు.

"మనుషులకే దిక్కు లేదు, పిల్లులకా?" దీన్ని చాలామంది చివరి అస్త్రంగా దాచుకుంటారు. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో ఏ ఒక్కరైనా అడిగి ఊరుకోకుండా లేచి వెళ్లి ఆ దిక్కులేని మనుషులకు ఏమైనా చేశారేమో చూడాలని నాకు కోరిక. మా వీధిలో నేను కాక పిల్లులకు క్రమం తప్పకుండా పెట్టేది ఇద్దరే, గంప మోసే ఆవిడ, వాచ్‌మన్ భార్య. దిక్కులేని మనుషులని మీరు ఎవర్నైతే అంటున్నారో వాళ్లే. వాళ్లకు ఈ రెండిటి మధ్య పోటీ ఉందని తోచలేదు.

ఇక మా పక్షానికి. నోటీసుకు సగం కారణం మనమే. సాంబారన్నం విస్తరాకులో కుప్పగా పోసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. చీమలు, ఈగలు, మర్నాడు వాసన. తుడిచేది వాచ్‌మన్ భార్య. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, మన కూరల్లో అవి లేనిదేది? ఎదిగిన పిల్లికి పాలు చాలావరకు అరగవు, మనమేమో గిన్నెడు పాలు పోసి పుణ్యం వచ్చిందనుకుంటాం. జ్వరంగా ఉందని పారాసెటమాల్ బిళ్ల చిదిమి పెట్టినామె ఒకరున్నారు. ఆ మందు పిల్లికి విషం, సగం బిళ్ల చాలు ప్రాణం తీయడానికి. ఇవన్నీ తెలియక చేసేవి, నేర్చుకోవచ్చు. నేర్చుకోనివి వేరే ఉన్నాయి. ఆపరేషన్ మాటెత్తగానే "అయ్యో పాపం, దానికి మాత్రం సంతానం ఉండొద్దా" అంటారు. ఆ సంతానాన్ని మందారం కింద పాతిపెట్టే పని వాళ్లది కాదు. పిల్లిని చంపినవాడు కాశీలో బంగారు పిల్లిని దానం చేయాలని పెద్దలనేవారు. బంగారం అక్కర్లేదు, ఆ ఖర్చులో వెయ్యోవంతు ఆపరేషన్‌కు పెడితే చాలు. ముద్ద పెట్టి ఆపరేషన్ చేయించనివాడు సమస్యను పోషిస్తున్నాడన్న మాటలో కార్యదర్శిగారితో నాకు పేచీ లేదు. ఆయన నోటీసు ఆ సగం మనిషిని, మిగతా సగం పని చేసేవాణ్ణి ఒకే గాట కట్టేసింది, పేచీ అక్కడ.

మా ఏడింటిలో ఐదింటికి చెవి కొస లేదు. ఒకటి బండి కింద పడింది. గండుపిల్లి నాకింకా చిక్కలేదు, బుట్టను చూస్తే పది గజాల అవతలే ఆగుతుంది. పోయిన వానాకాలం నుంచి మా ఆవరణలో ఒక్క కూన పుట్టలేదు. ఈ వాక్యాన్ని మీటింగులో మూడుసార్లు చదివాను. బైకు సీటు మీద గోళ్ల గీతల గురించి చర్చ నలభై నిమిషాలు సాగడం వల్ల దీనికి సమయం చాలలేదు.

ఆ మర్నాడు సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే గిన్నె పెట్టాను. జరిమానా కట్టేశాను. రసీదు కూడా ఇచ్చారు, "పిల్లి – రూ.500" అని రాసి. కార్యదర్శిగారూ, ఆ ఐదు వందలు వేరే పద్దులో కలపకండి. నలభై ఎనిమిది ఫ్లాట్లు తలా వంద వేస్తే 4,800 అవుతుంది, గండుపిల్లి ఆపరేషన్‌కూ ఆటోకూ పోను మిగులుతుంది. నా వంతు ముందే చేరింది. రసీదు నంబరు కావాలంటే పంపిస్తాను.